మూలన పెట్టని లివర్ ముక్క

ఫిబ్రవరి 4, సోమవారం

ఇవాళ్టి నుంచి మా పెథాలజీ విభాగానికి ఇలింకా మోగ హెడ్. ముప్పయ్యారేళ్ళు. స్విట్జర్లాండ్‌లో కొన్నాళ్ళు ఉండొచ్చింది. నేను మాత్రం మా ఊరు క్లూజ్‌లోనే, ఇదే బిల్డింగులో, ఇదే రేడియేటర్ పక్కన ఇరవై రెండేళ్ళుగా కూర్చున్నాను. ఎక్కడికీ వెళ్ళనివాళ్ళని ఇక్కడ బల్లలతో, కుర్చీలతో కలిపి లెక్కేస్తారు.

అందరికీ కేకు పంచింది. నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని, "జంఫీరా గారూ, మీరు లేకపోతే నాకు ఒక్క పనీ కాదు" అంది. నవ్వాను. ఇంటికొచ్చేదాకా దవడ నొప్పి పోలేదు.

పని కూడా అప్పుడే అప్పగించింది. టిష్యూ మైక్రోఅర్రే కట్టాలట. పాత లంగ్ కేన్సర్ బ్లాకులన్నీ, అంటే కణితి ముక్కల్ని మైనంలో పోసి దాచిన దిమ్మలన్నీ, బయటికి తియ్యాలి. ఒక్కో రోగి కణితిలోంచి బోలు సూదితో మిల్లీమీటరు లావు ముక్క లాగాలి. దాన్ని కొత్త మైనపు దిమ్మలో వరసలు వరసలుగా నాటాలి. నారు నాటినట్టే. ఆ దిమ్మలోంచి ఒక్క పల్చటి పొర కోస్తే పదులకొద్దీ రోగులు ఒకే స్లైడ్ మీదికి వస్తారు. ఆవిడ ఏదో ప్రోటీన్ పట్టుకుంది. అది ఉన్న కణితి రంగు వేస్తే గోధుమరంగుకి తిరుగుతుంది. గోధుమరంగు వస్తే కొత్త మాత్ర పనిచేస్తుంది, రాకపోతే కీమోనే గతి.

కట్టేది నేను. రీసెర్చి పేపరు మీద మొదటి పేరు ఆవిడది.

ఫిబ్రవరి 6, బుధవారం

ప్లాన్ గీసి ఇచ్చింది. అడ్డం పన్నెండు, నిలువు పది. నూట ఇరవై గళ్ళలోనూ రోగులే. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

ఈ పని సొంత చేతులతో ఒక్కసారి చేసినవాళ్ళెవరైనా ముందు ఒక మూలన లివర్ ముక్క పెడతారు. ఎందుకంటే అన్నీ ఊపిరితిత్తుల ముక్కలే అయితే స్లైడ్ తలకిందులైనా కనిపెట్టలేం. ఇటునుంచి చూసినా అటునుంచి చూసినా అదే పది వరసల చుక్కలు. ఒక్క లివర్ ముక్క కనబడితే చాలు, అది ఏ మూలో తెలుసు కాబట్టి మిగతా అందరి చోట్లూ తెలిసిపోతాయి. స్విట్జర్లాండ్‌లో ఈవిడకి కట్టిపెట్టేవాళ్ళు వేరే ఉండి ఉంటారు. ఈవిడ మైక్రోస్కోపులో చూసి లెక్కలు కట్టుకుని ఉంటుంది.

మాట నోటిదాకా వచ్చింది. "ఎలా ఉంది?" అని అడిగింది. బ్రహ్మాండంగా ఉంది అన్నాను.

ఫిబ్రవరి 7

చెప్పను. ఎక్కడో మీటింగులో అందరి ముందూ ఎవడో అడుగుతాడు, అమ్మా ఇందులో పై ఏది కింద ఏది అని. ఆ రోజు ముందు వరసలో కూర్చుంటాను.

ఫిబ్రవరి 13, బుధవారం

పొద్దున్నించీ బ్లాకులు తవ్వుతున్నాను. బొటనవేలు మొద్దుబారింది. సూది దించు, ముక్క లాగు, కొత్త దిమ్మలో కన్నం చెయ్యి, అందులో దించు, మళ్ళీ ఇంకొకరు. పని బాగానే ఉంటుంది, అబద్ధం ఎందుకు. ఎవరూ నోరెత్తరు.

మధ్యాహ్నం ఆయన బ్లాక్ చేతికొచ్చింది. ప్రొఫెసర్ సెవెర్ గ్లిగోర్. రిటైరయ్యేదాకా ఈ విభాగాన్ని ఏలిన మనిషి, నాకు పని నేర్పిన మనిషి. బ్లాకు మీద అంకెలే ఉంటాయి కానీ ఆ అంకె ఇక్కడ అందరికీ నోటికి వచ్చు. రెండేళ్ళ క్రితం తన ఊపిరితిత్తి ముక్కని తనే మైక్రోస్కోపు కింద పెట్టుకుని, కేన్సరని తనే చెప్పి, రిపోర్టు మీద తనే సంతకం చేయబోయాడు. బతిమాలి ఆపాం. ఆ స్లైడ్‌ని మాత్రం జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. ఇంట్లో పాత మైక్రోస్కోపు ఉంది, రోజూ కాఫీ తాగుతూ చూసుకుంటాడట. రేడియేషన్ తర్వాత రోగం నెమ్మదించింది. సంతలో కనిపిస్తాడు, అందరినీ తిడుతూ.

నేర్పడమంటే ఎలా నేర్పాడో కూడా రాస్తాను. మా నాన్న ట్రాము కండక్టరు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచీ నేను ఆయనకి ట్రాము పిల్లని. ఒక్క తప్పు చెప్తే చాలు, స్టూడెంట్లందరి ముందూ, "అమ్మాయ్, ఆ కళ్ళు టికెట్లు చింపడానికి పనికొస్తాయి గానీ ఇక్కడికి కాదు, వచ్చే స్టాపులో దిగిపో" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వి, బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. ఒకసారి సరిగ్గానే చెప్పాను. అప్పుడు, "గుడ్డిగా తగిలిందిలే" అని స్లైడ్ తీసి చెత్తబుట్టలో పారేశాడు.

బ్లాకులో కణితి బియ్యపు గింజలో సగం ఉంది. ఇలింకా మొదటి రోజే చెప్పింది: రోగి బతికుంటే బ్లాకులో సగమైనా మిగలాలి, చిన్న బయాప్సీల జోలికి పోవద్దు, రేపు వాళ్ళకే అవసరం పడొచ్చు అని. ఆవిడ చెప్పక్కర్లేదు. మాకు అది బల్ల గుద్ది నేర్పింది గ్లిగోరే.

సూది దించాను. ఉన్నదంతా ఒక్క ముక్కలో వచ్చేసింది. మిగతా రోగులకి రెండేసి ముక్కలు నాటాను, ఊడిపోతే ఇంకోటి ఉంటుందని. ఈయనకి ఒక్కటే. మూడో వరస, నాలుగో చోటు.

"ఎక్కండి సార్, టికెట్ అక్కర్లేదు" అన్నాను పైకే. గదిలో ఎవరూ లేరు. కడుపు చల్లగా ఉంది.

ఫిబ్రవరి 15, శుక్రవారం

అర్రే పూర్తయింది. మొదటి స్లైడ్ నేనే కోసుకుని దాచుకున్నాను. ఎంత ముద్దుగా ఉందో.

మార్చి 8, శుక్రవారం

ఆడవాళ్ళ పండగని గ్లిగోర్ మంచుపూల గుత్తులు పట్టుకొచ్చాడు. ప్రతి ఏడూ తెస్తాడు. క్లీనింగు ఆవిడ చెయ్యి కూడా ముద్దుపెట్టుకుంటాడు. ఇలింకాని చూసి, "ఇంత చక్కటి హెడ్డా! నా కాలంలో ఇక్కడ మీసాలుండేవి" అన్నాడు. అందరూ ఇకఇకలు. నాకు గుత్తి ఇస్తూ, "ట్రాము పిల్లా, నీకింకా హెడ్డు ఇవ్వలేదా? ఏం చేస్తాం, డిపోలోనే ఉండిపోయావు" అన్నాడు.

పూలు సింకులో పడేశాను. ఆయన దగ్గు మాత్రం నాకు నచ్చలేదు. ఇలింకా పలకరిస్తే చలి అన్నాడు.

ఏప్రిల్ 22, సోమవారం

చలి కాదు.

తిరగబెట్టింది. రెండోవైపు ఊపిరితిత్తిలోకీ పాకింది. ఆంకాలజీ వాళ్ళు కొత్త మాత్ర ఇద్దామనుకుంటున్నారు, ముందు ప్రోటీన్ పరీక్ష చేయాలి, బ్లాక్ ఇవ్వండి అని ఫోన్ చేశారు. మళ్ళీ బయాప్సీ చేయరాదా అన్నాను. కిందటిసారి సూది పెట్టినప్పుడే ఊపిరితిత్తి కుంగి చావు తప్పింది, మళ్ళీ ముట్టుకోం అన్నారు. ఇంట్లో ఉన్న ఆయన స్లైడ్ ఎప్పుడో రంగు పట్టినది, ఈ పరీక్షకి పనికిరాదు.



పదకొండింటికి ఆయనే దిగాడు. బ్లాక్ చూపించమన్నాడు. చూపించాను. కిటికీ వైపు తిరిగి ఎత్తి పట్టుకున్నాడు. మధ్యలో గుండ్రటి కన్నం. అందులోంచి ఒక కన్నుతో నన్ను చూశాడు.

"నన్నెవరు తవ్వేశారు?" అన్నాడు. నేనే సార్ అన్నాను. సగం వదలమని ఎవరు నేర్పారు అన్నాడు. మీరే సార్ అన్నాను. మరి, అన్నాడు. శాస్త్రం కోసం అన్నాను. అంతకంటే ఏమీ తోచలేదు. నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు రుమాలులో ఎర్రగా తేలింది. మూతి తుడుచుకుని, "సరే, ఇప్పుడు నన్ను ఎక్కడ కూర్చోబెట్టావే?" అన్నాడు.

ఆ మనిషి అంత మెల్లగా మాట్లాడడం ఎప్పుడూ వినలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 23, మంగళవారం

ఇలింకాకి చెప్పక తప్పలేదు. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. మొహం తెల్లబోయింది. చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. తర్వాత, "అర్రేలో ఉన్నారు కదా. అందులోంచి ఒక స్లైడ్ కోసి రంగు వేద్దాం. ఆయన చుక్క ఒక్కటి చదివితే చాలు" అంది. ఆ దిమ్మలోంచి వచ్చే పొరలు ఆవిడ పేపరుకే బొటాబొటి. అయినా మారు మాట్లాడకుండా ఇచ్చేసింది. నేనైతే ఇచ్చేదాన్ని కాదు.

తలుపు దాకా వెళ్ళాను. వెనక్కి పిలిచింది. "ఒక్క మాట జంఫీరా గారూ. ప్లాన్ గీసేటప్పుడు నాకు తట్టలేదు. అందులో గుర్తు పెట్టుకోడానికి ఏమీ లేదు కదా. స్లైడ్‌లో పై ఏదో, కింద ఏదో మీకు ఖాయంగా తెలుస్తుందా?"

అదీ ప్రశ్న. దాని కోసమే రెండు నెలలుగా కాచుకుని కూర్చున్నాను. ఆవిడ అడిగింది నిండు సభలో కాదు, తలుపు దగ్గర, నన్ను. లేదమ్మా తెలియదు అంటే, మరి కట్టేటప్పుడు ఎందుకు చెప్పలేదు అంటుంది. 

"నా చేత్తో నాటినవి నాకు తెలియవా?" అన్నాను. విసుగ్గా కూడా అన్నాను.

"సారీ" అంది పాపం.

ఏప్రిల్ 25, గురువారం, పొద్దున్న

పొర కోసింది టైటస్. మా టెక్నీషియన్, మంచివాడే. కోసిన పొరని గోరువెచ్చటి నీళ్ళ మీద వదులుతాం, ముడతలు సాగడానికి. తర్వాత కిందినుంచి గాజుతో ఎత్తుతాం. నేను పక్కనే నిలబడ్డాను. పొర నీళ్ళ మీద మెల్లగా తిరిగింది. ఎవరో పిలిస్తే టైటస్ పక్కకి చూశాడు. పొర ఇంకాస్త తిరిగింది. మళ్ళీ మొదటికే వచ్చి ఆగిందనుకున్నాను. "మేడమ్, ఇలా ఎత్తనా?" అన్నాడు. ఎత్తు అన్నాను.

ఏప్రిల్ 25, సాయంత్రం

గోధుమరంగు! మూడో వరస, నాలుగో చోటు. ముదురు గోధుమరంగు, కాఫీ మరకలాగా. పక్కవాళ్ళంతా తెల్లగా, పాలిపోయి ఉన్నారు. ఈయన ఒక్కడూ వెలిగిపోతున్నాడు.

రిపోర్టు రాసి సంతకం పెట్టేశాను. మెట్లు రెండేసి దిగాను. నాకు సంతోషం వేసింది. ఆ ముసలాయన కోసం నాకు సంతోషం వేయడమేమిటి? కానీ వేసింది. రోడ్డు మీద పకోడీలా వేయించి అమ్మే జున్నురొట్టె కొనుక్కుని నడుస్తూ తినేశాను.

మే 5, ఆదివారం, ఈస్టర్

ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. మాత్ర వేసుకుంటున్నాడు, కాళ్ళు వాచాయి, నోట్లో ఇనుము రుచి, అయినా పండక్కి రంగేసిన ఎర్రగుడ్లు రెండు తిన్నాడట. అది ఇది మాట్లాడి, పెట్టేసే ముందు, "దోబ్రే, నీ చెయ్యి మంచిది. కళ్ళు కూడా. నేనే సరిగ్గా చూడలేదు" అన్నాడు.

దోబ్రే అన్నాడు. నా ఇంటిపేరు. అది ఆయనకి తెలుసని నేననుకోలేదు.

రిసీవర్ పెట్టేసి వంటింట్లో కూర్చుని బావురుమన్నాను. పండగ భోజనానికి వచ్చిన అత్తారివాళ్ళు నా కోసం చూస్తున్నారు. ఉల్లిపాయలు అని చెప్పాను.

మే 21

రేగుపళ్ళ జామ్ పంపాడు. సీసా మీద చేత్తో రాసిన చీటీ: డాక్టర్ దోబ్రేకి, గౌరవంతో. జామ్ తినను. దాచుకుంటాను.

జూన్ 12, బుధవారం

ఇలింకా పేపరుని పత్రిక తరఫున పరిశీలించినవాడెవడో ప్రశ్న పంపాడు. అర్రేలో గుర్తు ముక్క కనిపించలేదు, స్లైడ్లు తలకిందులు కాలేదని ఎలా నిర్ధారించారు అని. ఇన్నాళ్ళకి వచ్చాడు నా వాడు. ఇలింకా ఆ ఉత్తరం నా బల్ల మీద పెట్టి, "మీరు చూసి రెండు లైన్లు రాసివ్వండి" అని వెళ్ళిపోయింది.

మొదటి రోజు నేనే కోసి, పై అంచున పెన్సిలుతో 'పైన' అని రాసి దాచుకున్న స్లైడ్ తీశాను. అందులో పైవరసలో కుడి చివర మూడు ముక్కలు లేవు. అవి పొట్టివి, కోతలో ఊడిపోయాయి. ఇంక ఏ స్లైడ్‌లోనూ ఉండవు. పైన కుడివైపు మూడు ఖాళీలు. అదే గుర్తు. లివర్ అక్కర్లేదు, ఆ ఖాళీలు చూసినా తెలిసేది. చూడలేదు.

గ్లిగోర్ పరీక్ష స్లైడ్ పక్కన పెట్టాను. మూడు ఖాళీలు కింద ఎడమవైపు ఉన్నాయి.

మళ్ళీ చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. లేచి కిటికీ తెరిచి వచ్చి చూశాను. కింద, ఎడమవైపు.

స్లైడ్ తలకిందులుగా ఉంది. నేను చదివింది మూడో వరస, నాలుగో చోటు కాదు. ఎనిమిదో వరస, తొమ్మిదో చోటు. అక్కడ నాటింది ఎవరినో చూశాను. నాలుగేళ్ళ క్రితం చనిపోయిన ఒక టీచరమ్మ. ఈ మాత్ర ఆవిడకి పనికొచ్చేది.

స్లైడ్ తిప్పి గ్లిగోర్ చుక్క వెతికాను. తెల్లగా ఉంది. ఒక్క కణం కూడా గోధుమరంగులో లేదు. ఆ మాత్ర ఆయనకి మంచినీళ్ళతో సమానం. కీమో ఇవ్వాల్సింది ఏప్రిల్‌లోనే.

 స్లైడ్లు రెండూ పెట్టెలో పెట్టేశాను. ఇంటికొచ్చేశాను.

జూన్ 13

చెప్పలేదు.

జూన్ 14, శుక్రవారం

రేపు చెప్తాను. రేపు శనివారం. సోమవారం చెప్తాను.

జూన్ 17, సోమవారం

ఇలింకాకి రెండు లైన్లు రాసిచ్చాను: "స్లైడ్ల దిశను కంటితో సరిచూసి నిర్ధారించడమైనది." అదే పంపింది. థాంక్స్ చెప్పింది కూడా.

ఎందుకు చెప్పడం లేదో ఇక్కడైనా రాయాలి. డెబ్బై ఆరేళ్ళ మనిషికి కీమో అంటే హింస, మాత్ర వేసుకుంటూ హాయిగా ఉండనీ అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది సోది. ఉద్యోగం పోతుందని భయం. అది నిజమే, కానీ అసలుది కాదు. ఆయన నన్ను దోబ్రే అన్నాడు. నీ కళ్ళు మంచివన్నాడు. ఆ మాట కోసం ఇరవై రెండేళ్ళు పడిగాపులు పడ్డాను. తిరిగి ఇచ్చెయ్యమంటే నా వల్ల కాదు.

రాసి చూసుకుంటే నాకే అసహ్యం వేస్తోంది. అయినా ఇవ్వను.

జూన్ 27, గురువారం

స్కాన్ వచ్చింది. కణితి పెరిగింది. ఆంకాలజీ కుర్రాడు ఇలింకాతో అంటుంటే విన్నాను, కొందరికి మాత్ర ఆలస్యంగా పట్టుకుంటుంది, ఇంకో నెల చూద్దాం అని. ఇలింకా నావైపు తిరిగి, "అంత బలంగా గోధుమరంగు వచ్చింది కదా, పట్టుకుంటుందిలెండి" అంది. అవును, పట్టుకుంటుంది అన్నాను.

జూలై 9

మెట్ల దగ్గర కనిపించాడు. కాలరులో మెడ వేలాడుతోంది. "దోబ్రే, నీ మాత్ర బద్ధకంగా ఉందే" అన్నాడు. నీ మాత్ర అన్నాడు. ఓపిక పట్టండి సార్ అన్నాను. "నువ్వు చెప్తే పడతాను" అన్నాడు.

ఆ మాటకి నన్ను చెప్పుతో కొట్టినా తక్కువే.

జూలై 23, మంగళవారం

తొమ్మిదింటికే వచ్చాడు. టాక్సీ దిగి లోపలికి రావడానికి రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చింది. ఇస్త్రీ చొక్కా, టై. నా స్లైడ్ చూడాలి అన్నాడు. అంత గొప్పగా వెలిగిపోతున్నానంటున్నారు కదా, ఒకసారి కళ్ళారా చూసుకుంటాను అన్నాడు. స్లైడ్ లేదు, పగిలింది, దొరకలేదు, ఏదో ఒకటి అనొచ్చు.  తీసి ఇచ్చాను.

ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. ఎదురుగా నేను. మూడో వరస, నాలుగో చోటు ఆయనే లెక్కపెట్టుకున్నాడు, పెదాలు కదుపుతూ. గోధుమరంగు చుక్క మధ్యకి వచ్చి ఆగింది.

చూశాడు. చాలాసేపు చూశాడు. పెద్ద లెన్స్ పెట్టాడు.  పాత గ్లిగోర్ వచ్చి కూర్చున్నట్టే ఉంది.

"ఇది నేను కాదు" అన్నాడు.



"నేను రోజూ నన్ను చూసుకుంటాను. నా కణాలు గుత్తులుగా, అంచుల్లో బొగ్గు పొడితో ఉంటాయి. ఇదెవరో నున్నగా, గోడ కట్టినట్టు ఉంది. ఎవరిది?" అన్నాడు. టీచరమ్మది అన్నాను. బతికుందా అన్నాడు. లేదన్నాను.

అప్పుడు కళ్ళు పైకెత్తకుండానే రెండు వేళ్ళతో స్లైడ్ పట్టుకుని అటుది ఇటు తిప్పాడు. తిరిగి లెక్కపెట్టుకున్నాడు. తెల్లటి చుక్క. అంచుల్లో బొగ్గు పొడి.

"ఇదిగో" అన్నాడు. తప్పిపోయిన పిల్లాడు దొరికినట్టు అన్నాడు. "ఇక్కడున్నానా నేను."

తర్వాత, "నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు. అడుగుతాడని తెలుసు. అబద్ధం సిద్ధంగానే ఉంది, ఇప్పుడే సార్, మీతో పాటే అని. కానీ ఆయన చూపు ఇంకా మైక్రోస్కోపులోనే ఉంది. జూన్ పన్నెండు అన్నాను.

తల ఊపాడు. తిట్టలేదు. ట్రాము పిల్లా అనలేదు, దోబ్రే అనీ అనలేదు. టై సర్దుకుని లేచాడు. ఇలింకా గది తలుపు నువ్వే కొట్టు అన్నాడు. నేను కొట్టేదాకా వసారాలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

జూలై 24, బుధవారం

ఇలింకా పేపరు వెనక్కి తీసేసుకుంది. అర్రే స్లైడ్లన్నీ మళ్ళీ మొదటి నుంచి చూస్తోంది, ఒక్కతే. నన్ను గదిలోకి రానివ్వలేదు. నన్ను ఒక్కటే అడిగింది: "ఆ రోజు తలుపు దగ్గర తెలియదని ఎందుకనలేదు?" ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ముప్పయ్యారేళ్ళ పిల్ల. నాకు చెల్లెలుంటే అంతే ఉండొచ్చు. 

విచారణ అయ్యేదాకా నాకు రోగుల స్లైడ్లు ఇవ్వరు. శవాల గది మాత్రం నా కిందే ఉంచారు. అక్కడ తప్పు చేయడానికి ఏమీ ఉండదని కాబోలు.

ఆగస్టు 19

కీమో రెండోసారి ఎక్కించలేకపోయారు. ఆలస్యమైందట. ఏప్రిల్‌లో అయితే తట్టుకునేవాడట. ఆంకాలజీ కుర్రాడు నా మొహం మీదే అన్నాడు. కావాలనే అన్నాడు. అననీ.

ఆసుపత్రికి వెళ్ళాను. నర్సు లోపలికి వెళ్ళి వచ్చి, నిద్రపోతున్నారు అంది. లోపల్నుంచి రేడియో వినిపిస్తోంది.

సెప్టెంబరు 16, సోమవారం

ఉదయం పోయాడు.

ఒక కాగితం వదిలాడట. ఇలింకా తెచ్చి నా బల్ల మీద పెట్టి, నిలబడకుండా వెళ్ళిపోయింది. మా దగ్గర ఒక అలవాటుంది, పోయిన గురువుని శవపరీక్షకి శిష్యులే తెరిచి చూస్తారు. ఎవరు చేయాలో గురువే చెప్పి పోతాడు. అది గొప్ప గౌరవం, దాని కోసం కొట్టుకునేవాళ్ళని చూశాను.

నా పేరు రాశాడు. పూర్తి పేరు. ఒక్కతే చేయాలి, ఎవరూ సాయం పట్టకూడదు అని కింద గీత గీశాడు.

సెప్టెంబరు 17

ఎనిమిదింటికి మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి అయిపోయింది. బ్లాకులు నలభై కట్టాను, ఇంకా కట్టొచ్చు. ఇప్పుడు టిష్యూకి కరువు లేదు.